మాటల మూలాలు – 4వ పాఠం: దర్వాన్

మాటను ముక్కలు చేయడం కిందటి పాఠంలో చూశాం. ఆ ముక్క సరైన చోటే తెగిందా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలో ఇప్పుడు చూద్దాం. వాకిట కాపలా ఉండే దర్వాన్‌నే తీసుకోండి.

కాగితం మీద దర్ + వాన్ అని రాయండి. దర్ తేలిగ్గానే తెలిసిపోతుంది. దర్వాజా, దర్బారు పక్కన పెడితే చాలు. పారసీలో దర్ అంటే తలుపు. చిక్కంతా వాన్‌తోనే. ధనవాన్, బలవాన్ గుర్తొచ్చి 'తలుపు కలవాడు' అని రాసేయబుద్ధవుతుంది. తలుపు కలవాడు ఇంటాయన అవుతాడు గానీ కాపలావాడెందుకవుతాడు? అర్థం ఇలా పెడసరంగా ఉంటే ముక్కను అనుమానించాలి.

అప్పుడు పాత రూపం వెదకాలి. పారసీలో ఈ మాట దర్బాన్. మన మాటలో ఆ బ చోట వ ఉంది. ఇక బాన్‌తో ముగిసే మాటలు పోగేయండి. బాగ్‌బాన్ తోటమాలి, నిగహ్‌బాన్ కనిపెట్టుకుని ఉండేవాడు. ఒకప్పుడు ఇరాన్‌ను పాలించిన ససానీయుల కాలంలో సరిహద్దు సీమను ఏలిన అధికారి మర్జ్‌బాన్. మర్జ్ అంటే సరిహద్దు. అన్నిటిలోనూ ఉన్నది కాపాడటమే. 'కలవాడు' కొట్టేయండి.

అసలు రుచి ఇక్కడుంది. ఈ బాన్ ఒకప్పుడు పాన్. దీనికీ, సంస్కృతంలో 'రక్షించు' అనే అర్థమున్న పా ధాతువుకూ మూలం ఒకటే. నృపుడు, గోపుడు అనే మాటల చివర ఉన్నది ఆ పా-నే. దర్, ద్వారం కూడా ఒక తల్లి బిడ్డలే. అంటే దర్వాన్, ద్వారపాలకుడు రెండు ముక్కల్లోనూ చుట్టాలు!

అలాగని ద్వారపాలకుడే అరిగి దర్వాన్ అయ్యాడనకండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు జారేది ఇక్కడే. దర్, బాన్ రెండూ ఇరాన్ వైపు మారిన రూపాలు. ఆ మాట పారసీతోపాటు మన దగ్గరికి వచ్చింది. చుట్టరికం వేరు, అరువు వేరు. గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించిన నహపాణుడి బిరుదు 'క్షత్రప' కూడా ఇలా అటునుంచి వచ్చిందే. రాజ్యాన్ని కాచేవాడని దాని అర్థం, అందులోనూ ఆ పా ఉంది.

అభ్యాసం: చౌకీదార్‌ను విడగొట్టండి. హవల్దార్, జమీందార్, తహసీల్దార్ పక్కన పెట్టుకుని దార్‌కు అర్థం రాబట్టండి. అది అయ్యాక కావలి, కాపరి, కాపు, తమిళ కావల్ ఒక వరుసలో రాసి, అన్నిటికీ ఉమ్మడిగా మిగిలే అక్షరం కింద గీత గీయండి. ఆ గీత దగ్గర నుంచే 5వ పాఠం.