ఒట్లు వేయించడం ఆపి ఓపీ చీటీ రాయించండి: తాగుడు మనిషి ఉన్న ఇంటివాళ్ళకి

మా తమ్ముడి చేత మేము వేయించిన ఒట్లకి లెక్కలేదు. అమ్మ మీద ఒట్టు, పిల్లాడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టు, గుళ్ళో దీపం ఆర్పి ఒట్టు. ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండేవాడు, మహా అయితే పది రోజులు, ఆ తర్వాత మళ్ళీ బెల్టు షాపు దగ్గరే కనపడేవాడు. వాడికి మాట మీద నిలబడే బుద్ధి లేదనుకుని ఆరేళ్ళు తిట్టాం, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా డాక్టర్‌కి చూపించాలన్న ఆలోచన రాలేదు. మా ఒక్క ఇంటి కథే కాదట ఇది, 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన సర్వేలో, మందుకి బానిసైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక ట్రీట్‌మెంట్ అందుతోందని తేలింది. మిగతా 37 మంది ఇళ్ళల్లో మాలాగే ఒట్లు వేయించుకుంటూ ఉంటారు. అందుకే నాకు తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా, ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా దారి దాదాపు ఇదే.

మొదట ఫోన్ చెయ్యండి, అది కూడా తాగే మనిషి ఒప్పుకునేదాకా ఆగకుండా మీరే చెయ్యండి. రెండు నంబర్లు గుర్తుపెట్టుకుంటే చాలు. 14446 అనేది మత్తు అలవాట్ల కోసమే కేంద్ర సామాజిక న్యాయ శాఖ పెట్టింది, మీ దగ్గర్లో డీ-అడిక్షన్ సెంటర్, అంటే తాగుడు, మత్తు మాన్పించే సెంటర్ ఎక్కడుందో వీళ్ళని అడగొచ్చు. 14416 అంటే టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది, మనసుకి సంబంధించిన ఏ బాధకైనా 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమనిపిస్తే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు లేదా మీ జిల్లాలో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్తారు. ఫోన్ ఎత్తగానే ఏం చెప్పాలో తెలీక నేను మొదటిసారి కట్ చేసేశాను, కాబట్టి మీరు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నాడు, రోజుకి ఎన్ని క్వార్టర్లు, పొద్దున్న లేవగానే కావాలా, తాగకపోతే చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, చచ్చిపోతానని ఎప్పుడైనా అన్నాడా. ఈ ఆరూ చెప్తే అవతలివాళ్ళకి సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, ఇది దయచేసి రెండుసార్లు చదవండి. రోజూ ఎక్కువగా తాగే మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించకండి. మనకి అదే గొప్ప పని అనిపిస్తుంది, రెండ్రోజులు ఓర్చుకుంటే సర్దుకుంటాడులే అనుకుంటాం. చివరిసారి తాగిన 6-8 గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పుతుంది, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టరు. మా ఊళ్ళో దాన్ని గాలి సోకడం అని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. అది గాలీ కాదు ధూళీ కాదు, మందు ఆగిపోయినందుకు మెదడు చేసే గోల, ప్రాణం పోయే ప్రమాదం ఉంది, ఆ స్థితిలో ఉంటే వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. అయ్యప్ప మాల వేసుకునే ముందు కూడా ఇదే సంగతి. భక్తితో మానడం మంచిదే, నేను కాదనను, కానీ రోజూ మూడు నాలుగు క్వార్టర్లు తాగే మనిషి మాల వేసుకునే ముందు ఒకసారి డాక్టర్‌ని కలిసి టాబ్లెట్లు తీసుకుని అప్పుడు ఆపాలి, 41 రోజుల తర్వాత ఏం చెయ్యాలో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

కల్లు తాగేవాళ్ళ ఇళ్ళల్లో ఇంకో చిక్కు ఉంది. చాలాచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలుపుతారు, తాగేవాళ్ళకి ఆ సంగతే తెలీదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసేసినప్పుడు ఆ మత్తు ఒక్కసారిగా ఆగిపోయి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం వరసకట్టింది అందుకే. తాగేది కల్లే కదా, మందు కాదు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, డాక్టర్‌కి కల్లు అని స్పష్టంగా చెప్పండి.

ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం గురించి కూడా ఒక మాట. నీరసంగా ఉన్నాడని తాగే మనిషికి నేరుగా గ్లూకోజ్ పెట్టిస్తుంటాం. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళలో బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. అందుకే ఆసుపత్రిలో ముందు బి1 ఇంజెక్షన్ ఇస్తారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఈయన రోజూ తాగుతాడు అని ముందే చెప్పండి, పరువు పోతుందని దాచిపెట్టొద్దు.

సరే, ఆసుపత్రికి ఎలా ఒప్పించాలి. తాగి వచ్చిన రాత్రి అస్సలు మాట్లాడొద్దు, అప్పుడు మనం అరుస్తాం వాడు అరుస్తాడు, తెల్లారితే ఎవరికీ ఏదీ గుర్తుండదు. పొద్దున్న, కాస్త తెలివిగా ఉన్నప్పుడు, ఇంట్లో వాడు ఎవరి మాట వింటాడో ఆ ఒక్కరే మాట్లాడాలి, అందరూ కలిసి చుట్టుముట్టి పంచాయితీ పెట్టొద్దు. మా వాడు అన్న మొదటి మాట "నాకేమన్నా పిచ్చా అక్కా" అని. నేను పిచ్చి గురించి వాదించలేదు, "పిచ్చి అని ఎవరన్నార్రా, నీకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, చేతులు వణుకుతున్నాయి, కాఫీ గ్లాసు పట్టుకోలేకపోతున్నావు, దానికి టాబ్లెట్లు ఇస్తారు, నేనూ వస్తాను పద" అన్నాను. తాగుడు అన్న మాటే ఎత్తలేదు. వాడిని బాధపెడుతున్న దాని దగ్గర మొదలుపెడితే వింటారు, మనల్ని బాధపెడుతున్న దాని దగ్గర మొదలుపెడితే వినరు. మొదటిరోజు రాకపోయినా పర్లేదు, మీరొక్కరే వెళ్ళి డాక్టర్‌తో మాట్లాడి రావచ్చు.

ఎక్కడికంటే, గవర్నమెంట్ మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది, ఓపీ పొద్దునపూటే చూస్తారు కాబట్టి పెందలాడే వెళ్ళి చీటీ రాయించుకోండి. మానసిక వైద్యానికే ప్రత్యేకంగా ఉన్న ఆసుపత్రులు హైదరాబాద్ ఎర్రగడ్డలో ఒకటి, విశాఖపట్నం చినవాల్తేరులో ఒకటి. ఇవి కాక కేంద్రం గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే డీ-అడిక్షన్ సెంటర్లు ఉన్నాయి, 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లోది అడగొచ్చు. ఆధార్, పాత రిపోర్టులు, వాడుతున్న టాబ్లెట్ల స్ట్రిప్పులు సంచిలో పెట్టుకోండి, షుగర్ గానీ కామెర్లు గానీ వచ్చి ఉంటే ఆ కాగితాలు తప్పకుండా. వెళ్ళేరోజు పొద్దున తాగకుండా ఉండలేకపోతే తిట్టకండి, ఆ సంగతి డాక్టర్‌కి చెప్పండి చాలు. అడ్మిట్ చేసుకోవాలా ఇంటి దగ్గర టాబ్లెట్లతో సరిపోతుందా అనేది వాళ్ళు చూసి చెప్తారు. పిచ్చాసుపత్రికి వెళ్ళారని ఊళ్ళో అనుకుంటారేమో అని మా అమ్మ నెలరోజులు ఏడ్చింది, తీరా అక్కడ మా ఊరివాళ్ళే ఇద్దరు కనపడ్డారు.

చేయకూడని పనులు రెండున్నాయి, రెండూ మేము చేశాం. గోడల మీద, ఆటోల వెనక రాసి ఉంటుంది చూడండి, మనిషికి తెలియకుండా తాగుడు మాన్పించబడును అని, ఆ పొడి తెప్పించి సాంబారులో కలిపాం. అలాంటి కొన్ని పొడుల్లో డైసల్ఫిరాం అనే మందు ఉండొచ్చు, అది కడుపులో ఉన్నప్పుడు తాగితే వాంతులు, గుండె దడదడలాడటం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదకి కూడా వస్తుంది. అదే మందుని డాక్టర్లు కూడా వాడతారు, కానీ పరీక్షలు చేసి, మనిషికి చెప్పి, ఒప్పించి వాడతారు. తెలియకుండా పెట్టడం వైద్యం కాదు. రెండోది, ఒక ప్రైవేట్ సెంటర్ వాళ్ళు అర్ధరాత్రి బండేసుకొచ్చి నలుగురు పట్టుకుని ఎత్తుకెళ్తామంటే సరే అన్నాం, మూడు నెలలు ఫోన్ ఇవ్వలేదు, కలవనివ్వలేదు, వాడు వచ్చాక వీపు మీద మచ్చలు చూపించాడు. ఆ తర్వాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, వాడి తప్పు ఏమీ లేదు.

ఆ తర్వాతే చట్టం గురించి తెలుసుకున్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా జబ్బు కిందకే వస్తాయి, అలాంటి సెంటర్లన్నీ స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. చేర్చే ముందు ఆ సర్టిఫికెట్ చూపించమనండి, చూపించకపోతే వెనక్కి వచ్చేయండి. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. మనిషి తనంతట తాను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే ఇంటివాళ్ళ దరఖాస్తు మీద చేర్చుకోవచ్చు, దానికి ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అది కూడా మొదట 30 రోజుల వరకే. లాయర్ సాయం కావాలంటే 15100కి ఫోన్ చేస్తే ఉచితంగా దొరుకుతుంది. గంజాయి తాగే పిల్లల తల్లిదండ్రులు పోలీస్ కేసు అవుతుందని భయపడి ట్రీట్‌మెంట్‌కి తీసుకెళ్ళరు. మత్తు పదార్థాల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, కొద్ది మొత్తం వాడకం కేసుల్లో తనంతట తాను ట్రీట్‌మెంట్‌కి ముందుకొచ్చి పూర్తి చేసినవాళ్ళకి ఆ కేసు నుంచి రక్షణ ఉంది. ముందు పిల్లాడిని డాక్టర్‌కి చూపించండి.

ఇక చచ్చిపోతాను అనే మాట గురించి. తాగినప్పుడు అన్నాడులే, బెదిరిస్తున్నాడులే అని వదిలెయ్యకండి. తాగుడూ దిగులూ కలిసి ఉంటాయి, మత్తులో ఉన్నప్పుడు ఆ క్షణం ఆలోచించి ఆగడం చేతకాదు. నేరుగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకి భయం, అలా పుట్టదు, అడిగినవాళ్ళు ఒకళ్ళున్నారని గుండె కాస్త తేలికవుతుంది. అవునంటే తిట్టొద్దు, పిల్లల మొహం చూడరా అని ఏడవొద్దు, వినండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, పక్కన కూర్చునే 14416కి కలపండి. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ళ ఇంట్లో తాళం వేయించండి, ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ ఆ గండం గడిచే గంట సేపు అందుబాటులో లేకపోవడమే మనిషిని కాపాడుతుంది. ఏదైనా మింగేశారని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టించి వాంతి చేయించకండి, 108 పిలిచి ఆ డబ్బానో స్ట్రిప్పో చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. కేసు అవుతుందని డాక్టర్ దగ్గర అబద్ధం చెప్పకండి. ఆత్మహత్య ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే 2017 చట్టం చూస్తుంది, ఐపీసీ స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ప్రయత్నాన్ని నేరమనే పాత 309 సెక్షనే లేదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో పిల్లలున్న ఇళ్ళల్లో కూడా ఇవే జాగ్రత్తలు, మార్కుల షీటు చూడకముందే వాళ్ళ పక్కన ఎవరో ఒకరు ఉండాలి. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకైతే అక్కడ 988 నంబర్.

ట్రీట్‌మెంట్ అయ్యాక కథ అయిపోదు. మా వాడు నాలుగో నెలలో మళ్ళీ తాగాడు, ఒక పెళ్ళిలో. అంతా అయిపోయింది అనుకుని మా మరదలు పుట్టింటికి వెళ్ళిపోతానంది. డాక్టర్ మాత్రం షుగర్ పేషెంట్‌కి ఒకరోజు షుగర్ పెరిగితే ఎలా మాట్లాడతారో అలా మాట్లాడింది, టాబ్లెట్ మార్చింది, పదిరోజుల్లో రమ్మంది. మళ్ళీ తాగితే ఆ వారంలోనే తీసుకెళ్ళండి, సిగ్గుపడి రివ్యూ మానేస్తేనే ఆరునెలలు పోతాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు మన పట్టణాల్లో కూడా జరుగుతాయి, ఫీజు లేదు, అక్కడ కూర్చునేవాళ్ళంతా తాగి మానినవాళ్ళో మానాలనుకునేవాళ్ళో కాబట్టి వాడికి అక్కడ తలెత్తుకోబుద్ధయింది. ఇంటివాళ్ళకి వేరుగా అల్-అనాన్ ఉంది. భార్యల గురించి కూడా చెప్పాలి, కొట్టే మనిషి దగ్గర ఓపిక పట్టమని నేను చెప్పను, 181కి ఫోన్ చెయ్యండి, వాడికి వైద్యం ఒక పక్క, మీ ప్రాణం ఒక పక్క, రెండూ ఒకేసారి చూసుకోవచ్చు.

టాబ్లెట్లు అయిపోయేదాకా ఆగకుండా ఇంకా వారం రోజులవి ఉండగానే మళ్ళీ వెళ్ళండి, పాత చీటీ పారెయ్యకండి. మా ఇంట్లో రివ్యూ తేదీని గ్యాస్ బండ తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే రాస్తాం, ఈ నెల మాత్రం వాడే రాసుకున్నాడు, పద్దెనిమిదో తారీఖు మంగళవారం అని.