ఈమ్ గ్రామం: పొలిమేర రాయి దాకా ఒక రోజు నడక

షెఫీల్డ్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న మన వాళ్లు సెలవు దొరికితే ముందుగా లండన్ వైపు చూస్తారు. ఒక రోజు మాత్రమే చేతిలో ఉంటే డెర్బీషైర్ కొండల మధ్యనున్న ఈమ్ గ్రామానికి వెళ్లమని నేను గట్టిగా చెబుతాను. ఆంగ్ల అక్షరాలను బట్టి ‘ఇయామ్’ అని చదవాలనిపిస్తుంది గానీ, అక్కడి వారు ‘ఈమ్’ అనే పలుకుతారు. బస్సు డ్రైవరును అడిగేటప్పుడు అలాగే అడగండి. రైలులో వచ్చేవారు షెఫీల్డ్, మాంచెస్టర్‌ల మధ్య ఉన్న గ్రిండిల్‌ఫర్డ్ స్టేషనులో దిగవచ్చు. అక్కడి నుంచి ఊరు కొన్ని మైళ్ల దూరం, దారి ఎగుడు.

వెళ్లే ముందు ఈ ఊరి కథ తెలిసి ఉండాలి, లేకపోతే కనిపించేవి రాళ్లు, గోడలు మాత్రమే. 1665లో లండన్ ప్లేగుతో అల్లాడుతున్నప్పుడు, అక్కడి నుంచి ఈ ఊరి దర్జీ ఇంటికి బట్టల మూట ఒకటి వచ్చిందనీ, దానితోపాటే రోగమూ దిగిందనీ చెబుతారు. ఆ ఇంట్లో పనిచేస్తున్న జార్జ్ వికార్స్ సెప్టెంబరు మొదట్లోనే కన్నుమూశాడు. మరుసటి ఏడాది జూన్‌లో చర్చి మతాధికారి విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పదవిలో ఉండి తొలగింపబడిన థామస్ స్టాన్లీ చేతులు కలిపి, రోగం చుట్టుపక్కల ఊళ్లకు పాకకుండా ఎవరూ పొలిమేర దాటకూడదని జనాన్ని ఒప్పించారు. 14 నెలల్లో సుమారు 260 మంది చనిపోయారు.

మొదట హాక్‌హిల్ రోడ్డులోని మ్యూజియం చూడండి. దాని పైకప్పు మీద గాలి దిశను చూపే లోహపు ఎలుక తిరుగుతూ ఉంటుంది. శీతాకాలంలో మ్యూజియం మూసి ఉంటుంది కనుక ముందే వేళలు సరిచూసుకోవాలి. తర్వాత సెయింట్ లారెన్స్ చర్చికి వెళ్లండి. ఆవరణలో 8వ శతాబ్దపు శాక్సన్ శిలువ, గోడ మీద 1775 నాటి నీడ గడియారం ఉన్నాయి. 1666 ఆగస్టులో ప్లేగుతో చనిపోయిన మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి కూడా అక్కడే ఉంది. పక్కనున్న ఇళ్ల ముందు, ఆ ఇంట్లో ఎవరెవరు పోయారో పేర్లతో ఫలకాలు కనిపిస్తాయి. ఆ ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. రోడ్డు మీద నుంచే చదవాలి, కిటికీల్లోకి తొంగి చూడరాదు.

ఈ యాత్రకు ప్రాణం మాత్రం పొలిమేర రాయి. పక్క ఊరైన స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల గుండా కొంత దూరం నడిస్తే, గడ్డిలో మొరటుగా పడి ఉన్న బండ ఒకటి ఎదురవుతుంది. దాని పైన ఆరు గుంటలున్నాయి. ఊరివాళ్లు రోగం అంటకుండా నాణేలను వెనిగర్‌లో ముంచి ఆ గుంటల్లో పెడితే, పక్క ఊరివాళ్లు తిండి సరుకులు అక్కడ ఉంచి, డబ్బు తీసుకొని వెళ్లేవారు. గుంటలో వేలు పెట్టి చూడండి, అంచులు అరిగి నున్నగా తగులుతాయి. కాసేపు అక్కడ నిలబడి కింద కనిపించే పక్క ఊరిని చూస్తే, ఆ రోజుల్లో ఈ రాయి దగ్గరే ఆగి వెనక్కి తిరగడానికి ఎంత నిబ్బరం కావాలో అర్థమవుతుంది.

ఊరికి తూర్పున, కొండవాలు మీద రైలీ సమాధులున్నాయి. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ పోగొట్టుకున్న ఎలిజబెత్ హాంకాక్ తన చేతులతోనే వారిని పూడ్చిపెట్టిన చోటు అది. దారిలో గొర్రెల మందలుంటాయి. దాటిన ప్రతి గేటునూ తిరిగి వేయాలి. బురదకు తట్టుకునే బూట్లు, వాన కోటు తప్పనిసరి.

సమీపంలోని చాట్స్‌వర్త్ భవనాన్ని అదే రోజు ఇరికించవద్దు, దానికే ఒక పూట చాలదు. అయితే ఈమ్ కష్టకాలంలో సరుకులు పంపిన డెవన్‌షైర్ ప్రభువు నివాసం అదే కాబట్టి మరోసారి తప్పక చూడాలి. సాయంత్రానికి దగ్గరలోని బేక్‌వెల్ పట్టణం చేరితే అక్కడి పుడ్డింగు రుచి చూడవచ్చు, గుడ్డు తిననివారు మాత్రం మానుకోవాలి. తిరుగు బస్సులు తక్కువ; చివరి బస్సు ఎప్పుడో ఉదయమే రాసిపెట్టుకోండి.

వీలుంటే ఆగస్టు చివరి ఆదివారం వెళ్లండి. ప్లేగు రోజుల్లో చర్చి మూసేసి, మనిషికీ మనిషికీ దూరం ఉంచి ప్రార్థనలు జరిపిన కక్లెట్ డెల్ఫ్ అనే లోయలో, ఆ రోజున ఇప్పటికీ ఆరుబయటే స్మారక ప్రార్థన జరుగుతుంది.