ఇంజిన్‌లో వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య గ్యాప్ చూసే ముందు
క్యామ్ (వాల్వ్‌లు తెరిచే షాఫ్ట్) మార్చినా, హెడ్ ఫేసింగ్ (హెడ్ అడుగు చెక్కి చదును చేయడం) చేయించినా, వేరే పిస్టన్లు వేసినా పాత కొలతలు పనికిరావండీ, మళ్లీ చూడాల్సిందే.

- ముందు డిగ్రీ వీల్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే చక్రం) పెట్టి క్యామ్ టైమింగ్ సెట్ చేసుకోండి, తర్వాత కదిపితే గ్యాప్ కూడా మారిపోద్ది
- చెకింగ్‌కి కూడా ఫైనల్‌గా వేసేదాని మందమే ఉన్న హెడ్ గ్యాస్కెట్ వాడాలి
- లిఫ్టర్లు (క్యామ్ కదలికని వాల్వ్‌కి అందించేవి) హైడ్రాలిక్‌వి, అంటే లోపల ఆయిల్‌తో పనిచేసేవైతే, చెకింగ్‌కి సాలిడ్‌వి పెట్టండి, లేకపోతే లిఫ్టర్ లోపలికి నొక్కుకుపోయి గ్యాప్ ఎక్కువున్నట్టు చూపిస్తది, అది నమ్మి స్టార్ట్ చేస్తే వాల్వ్ పిస్టన్‌కి తగిలి మొత్తం పోతుంది, అన్నిటికన్నా నాకు భయం ఇదే
- స్టార్టర్ వద్దు, క్రాంక్ చేత్తోనే మెల్లగా తిప్పండి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు
- టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) ఒక్కచోటే చూసి వదిలేయకండి, మామూలుగా ఎగ్జాస్ట్ దానికి 10 డిగ్రీల ముందు, ఇన్‌టేక్ 10 డిగ్రీల తర్వాత బాగా దగ్గరకొస్తాయి, స్టీల్ కనెక్టింగ్ రాడ్లయితే (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపేవి) ఇన్‌టేక్ 2 మి.మీ., ఎగ్జాస్ట్ 2.5 మి.మీ. కన్నా తగ్గకపోతే మంచిది