నిచ్చెన ఎక్కాలంటే భయమా?

భయాన్ని అణచుకుని ఎక్కేయకండి, అదేం చూసుకోమంటోందో చూసుకోండి. నిచ్చెన పైన ఆనే చోటు 12 అడుగుల ఎత్తులో ఉంటే దాని కాళ్లు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే మీతో సహా వెనక్కి పడుతుంది, మరీ దూరమైతే కింద జారుతుంది. మొదటి మెట్టు మీద నిలబడి గట్టిగా అదిమి చూడండి. ఊగిందా, నేల చదునుగా ఉన్న చోటికి మార్చండి. కింద ఇటుక ముక్క పెట్టి సరిపెట్టొద్దు.

పై 3 మెట్లు వదిలేయండి. అసలు ప్రమాదం పక్కకు వంగడంలో ఉంది: బొడ్డు నిచ్చెన పక్క కర్ర దాటిందంటే బరువు బయటికి పోయినట్టే. అందకపోతే దిగి, నిచ్చెన జరిపి, మళ్లీ ఎక్కండి.

ఇంకా కాళ్లు వణుకుతుంటే రెండో మెట్టు మీద కాసేపు నిలబడి దిగేయండి. రేపు ఇంకో మెట్టు. తల తిరుగుతున్నా, గాలి గట్టిగా వీస్తున్నా మాత్రం ఎక్కనే ఎక్కొద్దు.