స్టడీ స్కిల్స్ మాడ్యూళ్ళను మీ కోర్సుకు తగ్గట్టు మార్చుకోవడం ఎలా?

నోట్స్ రాయడం, రిఫరెన్సింగ్ (వాడిన మూలాలను పేర్కొనడం) లాంటి ఆన్‌లైన్ పాఠాల మాడ్యూళ్ళన్నీ ఒకేసారి విద్యార్థుల మీద పడేయకండి, ఎవరూ చూడరు. మొదటి అసైన్‌మెంట్‌కు వారం ముందు రిఫరెన్సింగ్ ఒక్కటే తెరవండి. ఆన్‌లైన్ కోర్సులు నడిపే మూడుల్ (Moodle) సాఫ్ట్‌వేర్‌లో 'రిస్ట్రిక్ట్ యాక్సెస్' దగ్గర తేదీ పెడితే ఆ రోజు అదే తెరుచుకుంటుంది.

మార్చే ముందు ఫైలు ఏ రకమో చూడండి. హెచ్‌5పి (బ్రౌజర్‌లోనే తయారుచేసే ఇంటరాక్టివ్ పాఠం) అయితే అక్కడే ఎడిట్ చేయొచ్చు, స్కార్మ్ ప్యాకేజీ (వేరే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసి జిప్ ఫైలుగా ఎక్కించే పాఠం) అయితే సోర్స్ ఫైలు లేకుండా చాలా కష్టం, తయారుచేసిన వాళ్ళనే అడగడం మేలు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో (ఇతరులు వాడుకోవడానికి రచయిత ఇచ్చే అనుమతి) 'ఎన్‌డి', అంటే 'నో డెరివేటివ్స్' అని ఉంటే మార్చినదాన్ని ఎవరితోనూ పంచుకోకూడదు.

నన్నడిగితే ముందు మార్చాల్సింది ఉదాహరణలే. మీ సబ్జెక్టులోని నిజమైన వ్యాసం, మీ డిపార్ట్‌మెంట్ వాడే ఏపీఏ లేదా ఎమ్‌ఎల్‌ఏ రిఫరెన్సింగ్ పద్ధతి కనిపిస్తేనే ఇది తన కోసమేనని విద్యార్థికి అనిపిస్తుంది. లింకులన్నీ ఫోన్‌లో కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.