షావుకారుపేట సందులో దారి తప్పిన గీత: నా అనుభవం

చెన్నై షావుకారుపేటలోని సందులను ఎవరైనా మార్పులు చేర్చగల ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చడానికి ఫోనులో నడక జాడ నమోదు చేసుకుని ఇంటికి వచ్చి చూస్తే, మింట్ వీధి పక్కన నేను తిన్నగా నడిచిన సందు జాడ వంకరలు తిరిగి, రెండు చోట్ల ఇళ్ల లోపలి నుంచి పోయింది. ఫోను చెడిపోలేదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహాల నుంచి వచ్చే జీపీఎస్ సంకేతం ఇరుకు సందులో గోడలకు తగిలి ఆలస్యంగా చేరుతుంది. సెకనులో పది కోట్లో వంతు ఆలస్యానికే దూరం లెక్క 3 మీటర్లు పెరుగుతుంది. చేతులు చాపితే రెండు గోడలూ అందే చోట అది పెద్ద తప్పే.

మరుసటి ఆదివారం పొద్దున్నే వెళ్లి, సందు రెండు చివర్లా ఆకాశం విశాలంగా కనిపించే కూడళ్లలో కాసేపు కదలకుండా నిలబడి, అదే సందులో నాలుగుసార్లు నడిచాను. ఇంటికి వచ్చాక ఆ కూడళ్ల బిందువులనే నమ్మి, కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉన్న ఉపగ్రహ చిత్రాన్ని వాటికి సరిపెట్టి, ఆపైనే సందును గీశాను. ఇళ్లను మాత్రం ఆ చిత్రంలో పక్కకు ఒరిగినట్టు కనిపించే పైకప్పుల వెంట కాక, గోడల మొదళ్ల వెంట గీయాలి.

సందు మధ్యలో పూలు కడుతున్న పెద్దావిడ, "అటు గేటు వేసేశారు నాయనా, దారి లేదు" అన్నారు. ఏ ఉపగ్రహమూ చూపని ఆ గేటును కూడా పటంలో చేర్చాను.