మందు పెట్టకుండా ఎలుకల్ని వదిలించుకోవడం

గాయపడిన పక్షులకు వైద్యం చేసేచోట సాయం చేస్తుంటాను. దెబ్బేమీ కనబడదు, నోరు లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది, గోటి దగ్గర చిన్న గీత నుంచి నెత్తురు ఆగదు. అలాంటి గుడ్లగూబ వచ్చిందంటే మా అనుమానం ముందు ఎలుకల మందు మీదికే పోతుంది.

బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ లాంటి మందులు విటమిన్ కె పనిని అడ్డుకుని రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. తిన్న ఎలుక చావడానికి చాలా రోజులు పడుతుంది. ఆలోగా మళ్లీ మళ్లీ తిని, చావుకు సరిపోయేదానికన్నా ఎక్కువ మందే ఒంట్లో నింపుకుంటుంది. చివరికి తూలుతూ పట్టపగలే తిరుగుతుంది. గద్దకో ముంగిసకో పాముకో అంతకన్నా సులువైన వేట ఏముంది? ఆ మందు వాటి కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది. తాళం వేసిన డబ్బాలో పెట్టాం కదా అంటారు. డబ్బా కుక్కను ఆపుతుంది, తిని బయటికొచ్చే ఎలుకను ఆపదు.

నన్నడిగితే సగం పని కన్నాలు మూయడమే. 6 మిల్లీమీటర్ల సందుంటే చిట్టెలుక దూరిపోతుంది. గుడ్డ, ఫోమ్ కుక్కితే కొరికేస్తాయి. స్టీల్ పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. గింజలు మూతలున్న డబ్బాల్లో పెట్టండి, పెంపుడు జంతువుల గిన్నెలు రాత్రికి తీసేయండి.

లోపల మిగిలినవాటికి స్ప్రింగు బోను, అంటే ఎర ముట్టగానే కమ్మీ పడి ఎలుకను చంపే రకం. ఎలుక గోడ వారగా నడుస్తుంది కాబట్టి బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకు ఆనేలా పెట్టాలి. ఎర బఠాణీ గింజంత చాలు. ఎక్కువైతే అంచు నుంచే నాకేసి పోతుంది. కొత్త వస్తువంటే పెద్ద ఎలుకకు భయం. అందుకే మొదటి కొన్ని రోజులు స్ప్రింగు ఎక్కించకుండా ఎర మాత్రమే పెట్టండి. ఆరుబయట అయితే చిన్న కన్నమున్న పెట్టెలో ఉంచాలి, లేకపోతే పిట్టలు పడతాయి. రోజూ పొద్దున్నే చూడాలి. జిగురు అట్టల జోలికి మాత్రం పోకండి. బల్లులూ పిట్టలూ అంటుకుని గిలగిల్లాడి చస్తాయి.

ఇప్పటికే మందు పెట్టేసి ఉంటే మిగిలింది ఏరేయండి. చచ్చిన ఎలుకల్ని చేతొడుగులతో తీసి లోతుగా పాతిపెట్టండి. పెంపుడు జంతువు మందు తిన్నదనిపిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ప్యాకెట్టుతో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. రక్తాన్ని పలచబరిచే రకానికి విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో రకం ఎలుకల మందుకు విరుగుడు లేదు, అందుకే ఏ మందో తెలియడం ముఖ్యం.